ఊరికే ఒక సైకిలు షికారు

ఒక సోదరి ఉత్తరం రాసింది. పేరూ ఊరూ వేయవద్దన్నది కనుక వేయడం లేదు. ఆవిడకు నలభై ఆరేళ్ళు. పిల్లలిద్దరూ చదువులకని వేరే ఊళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ వీధిలోని ఆడవాళ్ళు ఎనిమిదిమంది కలిసి, నెలకో ఆదివారం పొద్దున్నే సైకిళ్ళ మీద ఊరి బయటి డొంకదారుల వెంట తిరిగి రావాలనుకున్నారట. ఈవిడకూ సరదాగానే ఉంది. చిన్నప్పుడు హైస్కూలుకు సైకిలు మీదే వెళ్ళేదట కూడాను. తీరా ఇంట్లో చెప్పేసరికి అత్తగారు, "పాలకా, కూరలకా, ఎక్కడికమ్మా?" అని అడిగారట. ఎక్కడికీ కాదంటే నవ్వారట. ఆయనగారు మాత్రం నవ్వలేదు. "పడి ఏ కాలో విరగ్గొట్టుకుంటే ఎవరు చూస్తారు?" అన్నారట.

"వెళ్ళమంటారా, మానమంటారా?" అని ఆవిడ ప్రశ్న.

జవాబు చివర చెబుతాను. ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే నేను వెళ్ళాను, పడ్డాను కూడా.

మా జట్టులో ఏడుగురం. అందరిలోకీ చిన్నమ్మాయికి ముప్ఫై రెండేళ్ళు. పెద్దావిడ రిటైరయిన లెక్కల టీచరు, అరవై ఒకటి నిండాయి. మా అందరికీ ఆవిడ టీచరుగారే. సంక్రాంతి వెళ్ళిన ఆదివారం, ఇంకా మంచు వీడకముందే ధవళేశ్వరంలో కలుసుకున్నాం. గోదావరి మీద బారేజీ దాటి బొబ్బర్లంక, అక్కడినుంచి కాలవ గట్టు పట్టుకుని ఆత్రేయపురం, ఆపైన లొల్ల లాకులు - ఇదీ మా దారి. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం దాటేది 1982లో పూర్తయిన బారేజీ. దాని మీద లారీల రద్దీ తప్పదు కనుక ఒకరి వెనక ఒకరం, నోరు మెదపకుండా వెళ్ళాం. కాలవ గట్టు ఎక్కాక గాని మాకు మాటలు రాలేదు.

ఆ దారిన నేను కారులో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. కొబ్బరిచెట్లు చూశాను, అరటితోటలు చూశాను, అంతే. సైకిలు మీద వెళితే వాసనలు తెలుస్తాయి. దాళ్వా ఊడ్పులకు దమ్ము చేసిన చేల బురద వాసన, రేవులో బట్టలకు పెట్టిన సబ్బు వాసన, ఎవరింటి పొయ్యి మీదో పొంగిన పాల వాసన. సైకిలుకు చప్పుడు లేదు కదా, గట్టు మీది కొంగ మనం పక్కకు వచ్చేదాకా లేవదు.

ఆత్రేయపురంలో ఆగాం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరు. ఒక ఇంటి వసారాలో ఇద్దరు ఆడవాళ్ళు రేకులు తీస్తున్నారు. బోర్లించిన కుండ, లోపల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే, క్షణంలో కాగితంకంటె పల్చని రేకు. ఆ వేడి దగ్గర నేను రెండు నిమిషాలు నిలవలేకపోయాను. వాళ్ళు పూటంతా కూర్చుంటారు.

మా సైకిళ్ళు చూసి అందులో ఒకావిడ, "వాడపల్లి వెంకన్నకు మొక్కుకున్నారా అమ్మా?" అంది. ఏడు శనివారాలు వాడపల్లి వెళ్ళే మొక్కు ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే.

"మొక్కేం లేదమ్మా. ఊరికే వచ్చాం," అన్నారు టీచరుగారు.

ఆవిడ పక్కావిడ వైపు తిరిగి, "ఊరికేనంట!" అంది. తప్పు పట్టినట్టు కాదు. వింత కబురు చెప్పినట్టు.

నాకా మాట లొల్ల లాకులదాకా చెవిలో మోగుతూనే ఉంది. పెద్దకాలవ కొమ్మలుగా చీలే ఆ చోట, ఒకప్పుడు పడవలు తలుపులు తెరిచేదాకా కాచుకునే ఆ చోట, చెట్టు కింద కూర్చుని తెచ్చుకున్న ఇడ్లీలు తింటూ ఆలోచించాను. సైకిలు కనిపెట్టిన నాటినుంచీ ఆడదాన్ని అందరూ అడిగేది ఇదే కదా - ఎందుకు, ఎక్కడికి?

రెండు చక్రాలూ సమానంగా ఉండే నేటి రకం సైకిలు 1885లో ఇంగ్లండులో వచ్చింది. 1888లో డన్‌లప్ గాలి టైరు తోడయింది. మరి పదేళ్ళలో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఆడవాళ్ళు సైకిలెక్కి పల్లెదారులు పట్టారు. వెంటనే డాక్టర్లు కొందరు, ఇలా తొక్కితే మొహం బిగుసుకుపోయి అందం చెడుతుందని భయపెట్టారు. 1898లో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ సర్రే జిల్లా పల్లెల్లో సైకిలు షికారుకు వెళ్ళి, భోజనానికి ఒక హోటలు దగ్గర ఆగింది. గౌను సైకిలు చక్రంలో పడుతుందని పైజమాలాంటి వదులు లాగు తొడుక్కుంది. అది చూసి హోటలు యజమానురాలు, నలుగురూ కూర్చునే గదిలోకి రానివ్వలేదు. ఇష్టమైతే మగవాళ్ళు తాగే గదిలో కూర్చోమంది. సైకిలు యాత్రికుల సంఘం కోర్టుకెక్కింది. 1899లో కేసు ఓడిపోయింది. కోర్టులో ఓడినా ఆడవాళ్ళు సైకిళ్ళు దిగలేదు లెండి.

అంత దూరం దేనికి? మన పక్కనే తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లా. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతోబాటు సైకిలు నేర్పడాన్ని కూడా ఆ ఉద్యమంలో చేర్చారు. లక్షమంది దాకా పల్లె ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళు, కూలికి వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళవే కొన్నారు. బారు మీద పిల్లనో పిల్లవాణ్ణో కూర్చోబెట్టుకోవచ్చు, ఇదే నయమన్నవాళ్ళూ ఉన్నారు. 2006లో బీహారులో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళ పథకం పెట్టాక బడికి వచ్చేవాళ్ళు బాగా పెరిగారు.

ఇవన్నీ గొప్ప సంగతులే, కాదనను. అయితే వీటిలో సైకిలు బడికి, నీళ్ళకు, కూలికి. బడి అయిపోయి పెళ్ళయితే, ఇక పనేమిటని సైకిలు దించేస్తారు. నా సైకిలు మా తమ్ముడికి వెళ్ళింది. అప్పుడు నాకు పెద్దగా బాధనిపించలేదు. మళ్ళీ ఎక్కిన రోజున తెలిసింది, ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయని.

ఇక పడిన సంగతి. తిరుగుదారిలో తూము దగ్గర గేదెల మంద అడ్డొచ్చింది. కంగారులో ముందు బ్రేకు ఒక్కటీ గట్టిగా నొక్కాను. కింద ఇసుక. సైకిలు ఒక వైపు, నేను ఒక వైపు. మోకాలు చెక్కుకుపోయింది. టీచరుగారు సీసాలో నీళ్ళతో కడిగి చేతిరుమాలు కట్టారు. నెమ్మదిగా తొక్కుకుంటూనే ఇల్లు చేరాను.

ఇంట్లో మాత్రం స్నానాలగది గడప దగ్గర జారానని చెప్పాను.

ఎందుకు అబద్ధమాడాను? మా ఆయన స్కూటరు మీదనుంచి పడితే రోడ్డు బాగాలేదంటాం. నేను సైకిలు మీదనుంచి పడితే "చెప్పానా?" అంటారని. ఆ ఒక్క మాటతో వచ్చే నెల షికారు ఆగిపోతుందని. నాలుగు రోజులు కుంటుతూ, స్కూలు పిల్లలాగ మోకాలు దాచుకుని తిరిగాను. ఈ మాట టీచరుగారితో అంటే ఆవిడ నవ్వలేదు. "షికారు చేసి దొంగతనం చేసినదానిలా దాక్కుంటున్నావేమిటే?" అన్నారు.

ఆ రాత్రే మా ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కాసేపు పేపరు చూస్తూ ఊరుకున్నారు. మర్నాడు సాయంత్రం సైకిలు తీసుకువెళ్ళి బ్రేకు రబ్బర్లు మార్పించుకొచ్చారు.

ఇంతకూ ఆ సోదరికి జవాబు. వెళ్ళండి. వెళ్ళేముందు ఈ నాలుగూ చూసుకోండి. సీటు మీద కూర్చుని, కిందికి వచ్చిన పెడలు మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకోవాలి. అదే సరైన ఎత్తు. కాకపోతే మోకాళ్ళు నొప్పి పుడతాయి. మొదట్లో రోజుల తరబడి ఖాళీ మైదానంలో ఆగడం, తిరగడం అలవాటు చేసుకోండి. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కాలి. ముందుది ఒక్కటే నొక్కితే ఏమవుతుందో నన్నడగండి. చుడీదారయినా చీరయినా చెంగూ చున్నీ బిగించి దోపుకోవాలి, గొలుసుకు మూత ఉండాలి. కాలవ గట్లకు రెయిలింగు ఉండదు, పక్కపక్కన కబుర్లాడుతూ తొక్కకండి. కబుర్లకు చెట్టు నీడ ఉంది.

అత్తగారు ఎక్కడికని అడిగితే కూరలకని చెప్పకండి. సంచీ తగిలించుకుని బయలుదేరవద్దు. "ఊరికే వెళ్ళొస్తానండీ" అనండి. రెండుసార్లు విన్నాక ఆ మాట ఆవిడకూ అలవాటవుతుంది.

ఇక కాలు విరిగితే ఎవరు చూస్తారని మీవారు అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఎవరు చూశారో ఆయనకు తెలుసు కనుక, జవాబు కూడా ఆయన్నే చెప్పనివ్వండి.

వెళ్ళివచ్చాక ఉత్తరం రాయండి. పడితే ఆ సంగతీ రాయండి.