మీ ఊరి గీతలు మీరే పట్టుకోండి

అక్షాంశాలు, రేఖాంశాలు ఊహారేఖలని బళ్లో చదివారు, పరీక్షలో రాశారు. అంతటితో వదిలేయకండి. ఫోను చెప్పే అంకెల్ని ఒక్కరోజు పక్కనపెట్టి, మీ ఊరు భూగోళం మీద ఎక్కడుందో మీరే తేల్చండి. మన పాత ఖగోళ శాస్త్రవేత్తలు పన్నెండంగుళాల శంకువు (నిలువు కర్ర) నీడతోనే అక్షాంశం తేల్చారు.

మార్చి 21న డాబా మీద మీటరు కర్ర నిలబెట్టండి. దారానికి రాయి కట్టి, కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకోండి. దాని మొదలు కేంద్రంగా సుద్దముక్కతో ఒక వృత్తం గీయండి. పొద్దున నీడ కొస వృత్తంలోకి వచ్చిన సమయం, మధ్యాహ్నం దాటాక బయటికి పోయిన సమయం రాసుకోండి. ఆ రెంటికీ సరిగ్గా నడిమి సమయమే మీ ఊరి అసలైన మిట్టమధ్యాహ్నం. అప్పుడు హైదరాబాదులో నీడ 31 సెంటీమీటర్లుంటుంది. టాంజెంటు పట్టికలో 0.31 ఎదుట చూడండి: 17 డిగ్రీల పైచిలుకు. అదే అక్షాంశం! నమ్మకం కుదరకపోతే రాత్రి ధ్రువ నక్షత్రాన్ని చూడండి. ఉత్తరాన దిగంతం నుంచి ఇంచుమించు అన్ని డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది.

రేఖాంశానికి తోడు కావాలి. విశాఖలోని స్నేహితురాలికి ఫోన్ చేసి, అదే రోజు ఆమెనూ కొలవమనండి. అక్కడ మిట్టమధ్యాహ్నం దాదాపు 19 నిమిషాలు ముందే వస్తుంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక, రెండు నగరాల మధ్య తేడా 5 డిగ్రీలకు కాస్త తక్కువన్నమాట.

ఇప్పుడు తేలికే. ఒకప్పుడు నడిసముద్రంలో రేవు సమయం చెప్పేవాళ్లు లేక ఓడలు రాళ్లకు కొట్టుకుని మునిగాయి. అందుకే సముద్రంలో రేఖాంశం తేల్చే పద్ధతి చెప్పినవారికి 1714లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. పండితులు ఆకాశంలో వెతుకుతుంటే జాన్ హారిసన్ అనే వడ్రంగి గడియారం మీద పడ్డాడు. అలల మీద ఊగినా, ఎండకూ చలికీ గురైనా తప్పని గడియారం కోసం దశాబ్దాలు ధారపోశాడు. అతని నాలుగో గడియారం 1761లో జమైకాకు బయలుదేరిన ఓడెక్కి తన సత్తా చాటింది. పట్టుదల ముందు పట్టా ఎంత?

మార్చి దాటిపోయిందా? దిగులొద్దు. ఏప్రిల్ చివరి వారంలో కుప్పంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడే ఉండదు. రోజుకింత ఉత్తరానికి జరుగుతూ మే రెండో వారంలో హైదరాబాదుకు, మూడో వారంలో ఆదిలాబాదుకు చేరుకుంటాడు. మీ ఊళ్లో నీడ మాయమైన తేదీ పట్టుకోండి, పక్క జిల్లావాళ్ల తేదీతో సరిపోల్చండి. మబ్బు అడ్డొస్తే, జూలై ఆఖరు నుంచి ఆగస్టు దాకా సూర్యుడు అదే దారిన దక్షిణానికి తిరిగొస్తాడు. కర్ర సిద్ధం చేసుకోండి!