పక్కన నిలబడకుండా వారసత్వమా?

మొన్న ఉగాది సభలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని, మన పిల్లలకు తెలుగు రాకపోవడానికి వీడియో గేములే కారణమని తీర్పు చెప్పేశారు. చప్పట్లు బాగా పడ్డాయి. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. అంతకు ముందు నెలంతా భోజనాలయ్యాక మా అమ్మాయి పక్కన కూర్చుని నేను చూసింది అలాంటి గేమునే. చూసినవాడు ఊరుకుంటే తప్పు కనుక ఈ నాలుగు మాటలు.

నేను కామర్సు చదివినవాణ్ణి. బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. సాహిత్య విమర్శ నా పని కాదు. లెక్కలతోనే మొదలుపెడతాను.

ఆట పేరు 'ఫైర్ ఎంబ్లెం'. ఆ వరసలో నాలుగోది, 'సెయిసెన్ నో కెయిఫు'. పవిత్ర యుద్ధపు వంశావళి అని అర్థం. 1996లో జపానులో నింటెండో వారి సూపర్ ఫామికాం యంత్రానికి వచ్చింది. రూపకర్త షోజో కగా. చదరంగంలాగా గళ్ళ మీద సైనికుల్ని నడపాలి. మనదొక విడత, శత్రువుదొక విడత. ఇందులో ప్రతి సైనికుడికీ విడి ఖాతా. ఒకడి డబ్బు ఇంకొకడికి ఇవ్వడానికి లేదు. కత్తి ఇవ్వాలన్నా అంగట్లో సగం ధరకు అమ్మాలి. రెండోవాడు పూర్తి ధర పెట్టి కొనాలి. డబ్బు చేతులు మార్చే హక్కు ఇద్దరికే ఉంది: దొంగకూ, ప్రేమికులకూ. ఈ సూత్రం కనిపెట్టినవాడికి సంసారం తెలియదని ఎవరైనా అనగలరా?

ప్రేమకూ అంకె ఉంది. ఇద్దరూ పక్కపక్క గళ్ళలో నిలబడితే విడత విడతకూ అది త్వరగా పెరుగుతుంది. 500 చేరితే జంట. కథ సగంలో నాయకుడు సిగుర్డ్ నమ్మినవాడి చేతిలోనే మోసపోయి చచ్చిపోతాడు. 17 ఏళ్ళ తరవాత అతని కొడుకు సెలిఫ్, మిగతావాళ్ళ బిడ్డలు కత్తి పడతారు. తల్లిదండ్రుల నేర్పులు, ఆయుధాలు వాళ్ళకు సంక్రమిస్తాయి, పైసా ఖర్చు లేకుండా. జంట కుదరనామె చోట వేరే పిల్లలు వస్తారు. వాళ్ళకు ఆమెనుంచి వచ్చేది ఏమీ ఉండదు.

పిల్లల ఆటలో ప్రేమేమిటి, అందులో వావివరసలు తప్పిన పెళ్ళి కూడా ఉందట కదా అంటారా? ఉంది. జ్ఞాపకం పోగొట్టుకున్న ఆడమనిషిని, తోబుట్టువని తెలియనివాడికే కట్టబెడతారు. ఆ పాపం వల్లే రాజ్యం కూలుతుంది. కర్ణుడి పుట్టుక చెప్పుకుని పెరిగిన మనం దీనికి ఉలిక్కిపడడం వేషం. ఇది వంశాల గొప్ప చెప్పే కథ కదా అంటే ఆ మాట కొంత ఒప్పుకుంటాను. దివ్యాయుధం రక్తాన్నిబట్టి రావడం నాకూ నచ్చలేదు. కానీ ఆ దంపతుల కవలల్లో ఒకడు చీకటికి లొంగిపోతాడు, చెల్లెలు వెలుగు పక్షాన నిలబడుతుంది. రక్తమొక్కటే చాలదని ఆటే ఒప్పుకుంది.

ఇంకో సంగతి. మా అమ్మాయి దీన్ని ఇంగ్లీషులో ఆడుతోంది. ఆ ఇంగ్లీషు కంపెనీ చేయించింది కాదు. ఇష్టపడ్డవాళ్ళు జీతం లేకుండా, సన్మానం లేకుండా, శాలువా లేకుండా, ఏళ్ళ తరబడి కూర్చుని చేసింది. మన సభలో శాలువాలు పదకొండు. మనం చేసిన అనువాదం ఒక్కటి?

2006లో తమిళనాడులో వచ్చిన చట్టం మా హోసూరు బడుల్లో తెలుగును దెబ్బ తీసిన మాట నిజం. దానిమీద అర్జీలు పెడదాం, కోర్టుకూ వెళదాం. కానీ ఆ చట్టం మా వంటింట్లోకి రాలేదు. రాత్రి తొమ్మిది తరవాత నా నోరు నొక్కలేదు. నేను చేసిందేమిటి? 1998లో బదిలీ మీద వెళుతూ, సామాను ఎక్కువైందని, మా నాన్నగారి తెలుగు పుస్తకాల పెట్టె తూకానికి అమ్మేశాను. సగం ధర కూడా రాలేదు. ఆ రోజు నా చేతుల్లో వీడియో గేము లేదు.

తరవాత అమ్మాయి పుట్టింది. దానికి మార్కులు చూశాను, ఫీజులు కట్టాను. పక్కన మాత్రం నిలబడలేదు. అంకె ఎలా పెరుగుతుంది? తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. అందుకు ఆటను తిట్టడం, ఖాతాలో వెయ్యని సొమ్ముకు వడ్డీ రాలేదని గుమాస్తాను తిట్టడంలాంటిది.

ఇప్పుడు రాత్రిళ్ళు తెర మీది ఇంగ్లీషు అది చదువుతుంది, నేను తెలుగులో చెబుతాను. "సిగుర్డ్ అని ఎలా రాస్తారు నాన్నా?" అని అడిగింది మొన్న. గుడిదీర్ఘమా, గుడా అని ఇద్దరం కాసేపు వాదించుకున్నాం.

ఆ పెద్దాయన్ని మా ఇంటికి పిలుస్తున్నాను. దాని పక్కన ఇంకో కుర్చీ వేస్తాను. తీర్పు తరవాత చెప్పొచ్చు.