మొటిమల మందు.. దాచుకుని మింగేది కాదు

‘పెళ్లయితే అవే పోతాయిలే’. మొటిమల గురించి మన పల్నాడులో ఇప్పటికీ వినిపించే మాట ఇది. ‘ఒంట్లో వేడి’, ‘పచ్చళ్లు ఎక్కువ తింటోంది’ అనే మాటలు దీనికి తోడు. మామూలు మొటిమల విషయంలో ఈ మాటల వల్ల పెద్ద నష్టమేమీ లేదు. చాలామందికి ఇరవై దాటాక అవి తగ్గుముఖం పడతాయి. కానీ బుగ్గల మీద, దవడల కింద, వీపు మీద గోలీకాయలంత గడ్డలు లేచి, చీము పట్టి, మానిన చోటల్లా గుంట పడే మొటిమలు వేరు. అది జబ్బు. పెళ్లి దాకా ఆగితే ముఖాన గుంటలు మిగులుతాయి. దీనికి మంచి మందు ఉంది. పేరు ఐసోట్రెటినాయిన్. నోటితో వేసుకునే క్యాప్సూల్.

ఈ మందు పేరు చెప్పగానే మా ఓపీలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు ‘అమ్మో, అది వేస్తే పిల్లలు పుట్టరట’ అని వణికిపోయేవారు. ఇంకొకరు స్నేహితురాలి దగ్గర ఖాళీ షీటు తీసుకెళ్లి, మందుల షాపులో చూపించి కొనుక్కునేవారు. ఇద్దరిదీ పొరపాటే. భయపడి మానుకోవాల్సిన మందు కాదిది. రహస్యంగా మింగాల్సింది అంతకంటే కాదు. నేను చూసినంతలో ఈ మందుతో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఎవరో ఒకరి దగ్గర దాచడం వల్ల వచ్చినవే.

నేను చర్మవ్యాధుల నిపుణుణ్ని కాను, జనరల్ మెడిసిన్ డాక్టర్ని. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఈ మందు మొదలుపెట్టేది గుంటూరులోనో నరసరావుపేటలోనో ఉన్న స్కిన్ డాక్టరే అయినా, ఆ తర్వాతి ఆరేడు నెలలు మీరు ఉండేది ఇక్కడే. జ్వరం వచ్చినా, ఒళ్లు నొప్పులొచ్చినా, నెల తప్పినా ముందు వచ్చేది మా దగ్గరికే.

ఎలా పనిచేస్తుంది?

చర్మం కింద నూనె తయారుచేసే గ్రంథులు ఉంటాయి. యుక్తవయసులో హార్మోన్ల వల్ల అవి ఎక్కువ నూనెను వదులుతాయి. బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు, చీము వస్తాయి. పైపూత మందులు దారిని తెరుస్తాయి. యాంటీబయాటిక్స్ బ్యాక్టీరియాను, వాపును తగ్గిస్తాయి. ఐసోట్రెటినాయిన్ ఆ నూనె గ్రంథులనే కుదించేస్తుంది. ఇది విటమిన్-ఎ జాతికి చెందిన మందు. అమెరికాలో 1982లో అనుమతి పొందింది. నాలుగు దశాబ్దాలు దాటినా, ముదిరిన మొటిమలకు దీనికి సాటివచ్చే మందు రాలేదు.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. సాధారణంగా రోజుకు కిలో బరువుకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము. కోర్సు మొత్తం మీద కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్లేలా చూస్తారు. ఈ లెక్క మీకూ తెలియడం మంచిది. 50 కిలోల అమ్మాయికి కనీసం 6,000 మిల్లీగ్రాములు కావాలి. రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున వేసుకుంటే 300 రోజులు పడుతుంది. రెండు నెలలకే ‘ముఖం బాగుపడింది’ అని ఆపేస్తే అప్పటికి వెళ్లింది 1,200 మిల్లీగ్రాములే. అంటే కోర్సులో అయిదో వంతు. అలా మధ్యలో ఆపినవారికి మొటిమలు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. మందు పనిచేయలేదని తిట్టుకునేవారిలో ఇలాంటివారు చాలామంది ఉంటారు.

వేసుకున్నవాడిగా చెబుతున్నా

పీజీ చదివే రోజుల్లో నేనూ ఈ మందు వాడాను. వీపు నిండా గడ్డలు ఉండేవి. చొక్కాకు చీము, రక్తం అంటుకునేవి. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోవాలంటే భయం. అప్పుడు నా బరువు 60 కిలోలు. రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలలు.

మొదటి వారంలోనే పెదాలు ఎండిపోయాయి. ఇది దాదాపు అందరికీ జరుగుతుంది. నవ్వితే పగిలి రక్తం వచ్చేది. జేబులో వ్యాజిలిన్ డబ్బా లేకుండా వార్డుకు వెళ్లలేదు. ముక్కు లోపల ఎండి రెండుసార్లు రక్తం కారింది. కళ్లు ఇసుక పడ్డట్టు గరగరలాడేవి. క్రికెట్ ఆడిన మర్నాడు నడుము పట్టేసేది. మూడో వారంలో గడ్డలు తగ్గకపోగా ఎక్కువయ్యాయి. మొదట్లో కొందరికి ఇలా పెరుగుతాయని చదువుకున్నా కూడా, అద్దంలో చూసుకుంటే గుండె జారిపోయింది. మూడో నెల దాటాక కొత్త గడ్డలు రావడం ఆగింది. అయిదో నెలకు తెల్లచొక్కా ధైర్యంగా వేసుకోగలిగాను. అప్పటికే పడిన గుంటలు మాత్రం నేటికీ ఉన్నాయి. మందు కొత్తవాటిని ఆపుతుంది తప్ప పాత గుంటలను పూడ్చదు. ముదిరిన మొటిమలున్న పిల్లల్ని త్వరగా తీసుకురమ్మని తల్లిదండ్రులను బతిమాలేది ఇందుకే.

నేను వాడింది హాస్టల్లో, నీడపట్టున. మన దగ్గరి పిల్లల పరిస్థితి వేరు. మిరప కోతలకు వెళ్లే అమ్మాయికి, సున్నపు బట్టీల్లో పనిచేసే కుర్రాడికి ఈ పొడిబారడం పదింతలు బాధపెడుతుంది. కారం ఘాటు పగిలిన పెదాలకు తగిలితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పైగా ఈ మందు వాడేటప్పుడు చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. పక్కనే రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా తెలిసినవే. అందుకే మీ పని ఏమిటో, ఎండలో ఎన్ని గంటలు ఉంటారో డాక్టరుకు ముందే చెప్పండి. మోతాదు తగ్గించవచ్చు, మొదలుపెట్టే నెల మార్చవచ్చు. తలకు, ముఖానికి గుడ్డ కట్టుకోవడం, పెదాలకు తరచూ వ్యాజిలిన్, కళ్లకు చుక్కల మందు.. వీటితో చాలావరకు నెట్టుకురావచ్చు. క్యాప్సూల్‌ను అన్నం తిన్న తర్వాతే వేసుకోండి. నెయ్యో, పెరుగో ఉన్న భోజనమైతే మంచిది. ఖాళీ కడుపున వేసుకుంటే మందు ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది.

ఆ ప్రశ్నకు కోప్పడకండి

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను. గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు కొన్ని రోజులు వేసుకున్నా బిడ్డకు తీవ్రమైన లోపాలు రావచ్చు. గుండె, మెదడు, చెవులు, ముఖం ఏర్పడటంలో తేడాలు వస్తాయి. అలా పుట్టిన బిడ్డల్లో దాదాపు అయిదుగురిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి వరకు ఈ లోపాలు కనిపిస్తాయి. ఇంత మోతాదైతే ఫర్వాలేదు అనే హద్దు లేదు. అందుకే అమెరికాలో 2006 నుంచి ఈ మందు వాడే ప్రతి ఒక్కరూ, రాసే డాక్టరు, అమ్మే షాపు ఒక ప్రత్యేక జాబితాలో నమోదు కావాలి. గర్భం దాల్చగల స్త్రీలకు గర్భపరీక్ష ఫలితం లేకుండా మందు చేతికివ్వరు.

మన దగ్గర అలాంటి జాబితా లేదు. ఉన్నదల్లా డాక్టరు అడిగే ప్రశ్న, మీరు చెప్పే జవాబు. ‘నెలసరి సరిగ్గా వస్తోందా? పెళ్లి సంబంధాలు చూస్తున్నారా? గర్భం వచ్చే అవకాశం ఉందా?’ అని అడిగితే తల్లులకు కోపం వస్తుంది. ‘మా పిల్ల అలాంటిది కాదండీ’ అంటారు. నేను మందు వాడే ప్రతి అమ్మాయినీ ఇదే అడుగుతాను. నర్సమ్మను పక్కన ఉంచి, తల్లిని రెండు నిమిషాలు బయట కూర్చోమని అడుగుతాను. అది పిల్ల నడవడిక మీద అనుమానం కాదు. బీపీ చూసినట్టే ఇదీ.

నాకు ఎక్కువ భయం వేసేది పెళ్లి కుదిరిన అమ్మాయిల గురించే. ముఖం బాగుపడాలనే కదా చాలామంది తల్లులు ఈ మందు మొదలుపెట్టించేది! మూడో నెలలో సంబంధం కుదురుతుంది. ముహూర్తం దగ్గర్లోనే ఉంటుంది. కోర్సు సగంలో ఉంటుంది. ‘అత్తగారింట్లో చెబితే ఏమనుకుంటారో’ అని మందు డబ్బా చీరల అడుగున పెట్టుకుని అత్తారింటికి వెళుతుంది. భర్తకు తెలియదు. అక్కడి డాక్టరుకు తెలియదు. పెళ్లయిన తొలి నెలలే గర్భం వచ్చే రోజులు కూడా.

దీనికి పరిష్కారం చాలా సులువు. పెళ్లి కుదిరిందని డాక్టరుకు చెప్పండి. మందు ఆపిన తర్వాత నెల రోజులు గడిస్తే చాలు, ఆ తర్వాత వచ్చే గర్భానికి దీనివల్ల ముప్పు లేదు. ఏళ్ల తరబడి ఆగాల్సిన పని లేదు. ఈ మందు వాడిన అమ్మాయికి పిల్లలు పుట్టరన్న మాటలో నిజం లేదు. ముహూర్తానికి నెలకు ముందే ఆపవచ్చు. లేదా కోర్సు పూర్తయి, ఆ పైన నెల గడిచేదాకా పిల్లలు వద్దనుకుని, నమ్మకమైన గర్భనిరోధక పద్ధతి పాటించవచ్చు. ఈ రెండో దారికి భర్తకు తెలియడం తప్పనిసరి. పిల్లకు ముఖాన మొటిమలు ఉండేవన్న సంగతి దాచినా నష్టం లేదు. ప్రస్తుతం వేసుకుంటున్న మందు సంగతి దాస్తే నష్టం పుట్టబోయే బిడ్డకు. మందు వాడుతుండగా నెల తప్పితే క్యాప్సూల్ ఆ పూటే ఆపి, ఎవరు ఏమంటారోనని చూడకుండా ఆసుపత్రికి రండి.

మగపిల్లలు వాడితే పుట్టబోయే బిడ్డకు ఇలాంటి ముప్పు ఉన్నట్టు ఆధారాలు లేవు. కానీ తమ మందును చెల్లికో, స్నేహితురాలికో ఇవ్వకూడదు. ఆడా మగా ఎవరైనా సరే, మందు వాడేటప్పుడు, ఆపిన నెల వరకు రక్తదానం చేయకూడదు. ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కుతుందో తెలియదు కదా.

జ్వరం వస్తే ముందు ఇది చెప్పండి

మన ప్రాంతంలో స్క్రబ్ టైఫస్ జ్వరాలు వస్తుంటాయి. దానికి మేం రాసే మొదటి మందు డాక్సీసైక్లిన్. ఐసోట్రెటినాయిన్‌తో కలిపి దాన్ని వాడితే తల లోపల ఒత్తిడి పెరగవచ్చు. విపరీతమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం దాని గుర్తులు. ‘మొటిమలకు క్యాప్సూల్ వేసుకుంటున్నా’ అని ఒక్క మాట చెబితే మేం అజిత్రోమైసిన్ లాంటి వేరే మందు రాస్తాం. చెప్పకపోతే మాకు తెలిసే దారి లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా ఇది చెప్పాల్సిందే. విటమిన్-ఎ ఉన్న బలం మాత్రలు కూడా ఈ మందుతో పాటు వేసుకోవద్దు. మద్యం మానేయాలి.

మనసు సంగతి కూడా దాచవద్దు. ఈ మందు దిగులు పుట్టిస్తుందనే భయం చాలాకాలంగా ఉంది. వేలాదిమందిని పరిశీలించిన అధ్యయనాల్లో మొత్తం మీద అలా పెరిగినట్టు తేలలేదు. ముదిరిన మొటిమలే పిల్లల్ని కుంగదీస్తాయి. మందు వాడేటప్పుడు పిల్లాడు ఉన్నట్టుండి మాటలు తగ్గించినా, నిద్ర పోకపోయినా, చావు మాటలు మాట్లాడినా కారణమేదని లెక్కలు వేయకుండా వెంటనే తీసుకురండి.

షాపులో కొంటే పోయేదేమిటి?

ఐసోట్రెటినాయిన్ షెడ్యూల్ హెచ్ మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా దొరుకుతోంది. షాపులో కొన్నప్పుడు మందు వస్తుంది, పరీక్షలు రావు. మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష, కొవ్వు పరీక్ష, ఆడవారికి గర్భపరీక్ష చేయాలి. ఒకటి రెండు నెలల తర్వాత రక్తపరీక్షలు మళ్లీ చూడాలి. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగితే క్లోమగ్రంథి వాచి ప్రాణం మీదికి రావచ్చు. బయటికి ఏ గుర్తూ కనిపించదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. ఇవి ఖరీదైన పరీక్షలు కావు. స్కిన్ డాక్టరు చీటీ తెస్తే వీటిని దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో చేయించుకోవచ్చా అని అడగండి. రిపోర్టులు మేం చూసి చెప్పగలం.

ఇంకో మాట. చీటీ అక్కర్లేదని షాపులో ఇచ్చే ‘ముఖం క్రీము’ల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. పది రోజులు ముఖం తెల్లబడి మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు రెట్టింపవుతాయి. ఈ క్రీములను కూడా 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. క్యాప్సూల్‌కు భయపడి ఈ క్రీములు రాయడం గోతిని తప్పించుకుని నూతిలో పడటమే.

నేను కోరేది పెద్దదేమీ కాదు. షాపు యజమానులు చీటీ చూడందే ఈ క్యాప్సూల్ ఇవ్వకండి. స్కిన్ డాక్టర్లు మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ముగిసే తేదీ తెలుగులో ఒక కార్డు మీద రాసివ్వండి. మేమూ మందు వాడే అమ్మాయిని నలుగురిలో ప్రశ్నలు అడగకుండా పక్కకు పిలిచి అడుగుదాం. గుంటూరు జీజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. దూరమని, బస్సు చార్జీలని వెనకాడకండి. చీము గడ్డలు కడుతున్నాయంటే ఇంకో పండగ దాకా ఆగొద్దు. మందు మొదలుపెట్టాక ఆ షీటు మీ పర్సులోనే ఉండనివ్వండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, జలుబుకైనా సరే, ముందు దాన్ని తీసి బల్ల మీద పెట్టండి.

- వ్యాసకర్త ఎండీ (జనరల్ మెడిసిన్), ప్రభుత్వ వైద్యులు, దాచేపల్లి