ముందు కంచం, తర్వాత నడక

మోకాళ్ల నొప్పులని ఆస్పత్రికి వెళ్లిన ఆడవాళ్ల చీటీల మీద మందుల కింద ఒక మాట తప్పకుండా ఉంటుంది: ‘బరువు తగ్గాలి, రోజూ గంట నడవాలి.’ ఆ చీటీ పట్టుకునే వాళ్లు నా దగ్గరికి వస్తారు. నేను నిజామాబాద్‌లో డైటీషియన్‌ని. వచ్చేవాళ్లలో చాలామంది బీడీలు చుట్టే అక్కలు. పొద్దున వంట కాగానే ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటారు. తునికాకు కత్తిరించడం, తంబాకు నింపడం, దారం చుట్టడం, చీకటిపడే దాకా ఇదే పని. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఈమధ్య ఒకామె చీటీ నా బల్ల మీద పెట్టి సూటిగా అడిగింది: ‘‘గంట నడిస్తె బీడీలెవరు చేస్తరు మేడం? నడుద్దామన్నా మోకాలు నడవనిస్తదా?’’

ఆమెకు నేను చెప్పిన జవాబే అందరికీ చెప్పాలనుకుంటున్నాను. నడవలేకపోయినా బరువు తగ్గొచ్చు. ఒంటికి ఖర్చయ్యే శక్తి కంటే తిండి ద్వారా వచ్చే శక్తి తక్కువైతే, ఆ లోటును ఒళ్లు దాచుకున్న కొవ్వులోంచి భర్తీ చేసుకుంటుంది. ఆ లోటు తేవడానికి వంటిల్లు చాలు. 70 కిలోల మనిషి అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 కేలరీలు. కూరలో ఒక పెద్ద చెంచా నూనె ఎక్కువ పడితే అవి తిరిగొచ్చేస్తాయి. టాంజానియాలో వేటాడుతూ, దుంపలు తవ్వుకుంటూ రోజంతా తిరిగే హడ్జా తెగవాళ్లను పరిశోధకుడు హెర్మన్ పాంట్జర్ బృందం పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, వాళ్లు రోజుకు ఖర్చు చేసే శక్తి కూర్చుని పనిచేసే పాశ్చాత్యుల కంటే పెద్దగా ఎక్కువేమీ లేదని తేలింది. బ్రిటన్‌లో మధుమేహుల మీద జరిగిన డైరెక్ట్ అధ్యయనంలో తొలి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారమే ఇచ్చారు. ఆ దశలో అదనంగా వ్యాయామం చేయమనలేదు. ఏడాది తిరిగేసరికి ఆ బృందంలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. అది డాక్టర్ల పర్యవేక్షణలో చేసినది, ఇంట్లో సొంతంగా చేయాల్సింది కాదు. కానీ తిండికి ఉన్న బలం ఎంతో అందులో కనిపిస్తుంది.

ఆ అక్క కంచంలో ఏముందో ఇద్దరం కలిసి లెక్క వేశాం. నా బల్ల మీద చిన్న కాంటా ఉంటుంది. రెండోసారి వచ్చేటప్పుడు బియ్యం కొలిచే గ్లాసు తెచ్చుకోమంటాను. ఆమె తెచ్చింది. నిండుగా పోసి తూచితే 200 గ్రాములు దాటింది. రోజు మొత్తం మీద ఆమె వంతుకు వచ్చే బియ్యం 300 గ్రాములు, అంటే వెయ్యి కేలరీల పైమాట. ‘‘నెలకు నూనె ఎంత పడుతది?’’ అంటే ‘‘నలుగురం, ఆరు ప్యాకెట్లు’’ అంది. అంటే మనిషికి రోజుకు 45 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి చెప్పిన నూనె 27 గ్రాములే. గ్రాము నూనెకు 9 కేలరీలు కాబట్టి అక్కడే రోజుకు 160 కేలరీలు ఎక్కువ. ఇక చాయ్. రోజుకు నాలుగు గ్లాసులు, గ్లాసుకు రెండు చెంచాల చక్కెర. అది ఇంకో 160.

ఏం తగ్గించాలో ఆమెకే తెలిసిపోయింది. నెలకు ఆరు ప్యాకెట్ల నూనె మూడున్నరకు దిగాలి, చాయ్‌లో చక్కెర సగం కావాలి, బియ్యంలో 75 గ్రాములు తగ్గాలి. మొత్తం కలిపితే రోజుకు 500 కేలరీలు. మొదట్లో వారానికి అర కిలో వరకు తగ్గడానికి ఇది చాలు. ఒళ్లు తేలికయ్యేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది కాబట్టి తర్వాత వేగం నెమ్మదిస్తుంది. అది సహజమే, బెంగపడి మానేయక్కర్లేదు.

ఈ లెక్క ఎవరూ చెప్పకపోవడం వల్లే జనం ఎవరికి తోచింది వాళ్లు చేస్తున్నారు. రాత్రి అన్నం మానేసి చపాతీలు తింటున్నామని తృప్తిపడతారు. తూచి చూస్తే గోధుమపిండికీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు, పైగా పెనం మీద నూనె అదనం. జొన్నరొట్టె మంచిదే, పీచు ఎక్కువ. కానీ కూర గిన్నె పక్కన పెట్టుకుని నాలుగు తింటే అదీ అన్నంతో సమానమే. శనివారం ఒక్కపొద్దు ఉండి, రాత్రికి ఉప్మా, మిర్చీలు, అరటిపళ్లతో కడుపు నింపుకుంటే ఆ ఉపవాసం దేవుడికి చేరుతుందేమో గానీ నడుము కొలతకు చేరదు.

వ్యాయామం లేకుండా తగ్గితే నష్టమే లేదని నేను అనను. తగ్గే బరువులో సుమారు పావు వంతు కండ కూడా ఉంటుంది. యాభై దాటిన ఆడవాళ్లకు అది చిన్న విషయం కాదు. ఉన్న కండ కూడా కరిగితే లేచి నిలబడటమే కష్టమవుతుంది. అందుకే అన్నం తగ్గించిన చోట పప్పు పెరగాలి. చిక్కటి పప్పు, ఉడికించిన పెసలు, గుడ్డు, గడ్డ పెరుగు, వీలున్నవాళ్లకు చేప. నీళ్లచారు పోసుకుని అన్నం సగం చేసుకుంటే తగ్గేది బలమే. షుగర్‌కు ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా తిండి తగ్గిస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదమూ ఉంది.

నడక గుండెకు మంచిది, నిద్రకు మంచిది, తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా కాపాడుతుంది. అందులో నాకు ఏ సందేహమూ లేదు. నా అభ్యంతరమల్లా వరస గురించే. మోకాళ్లు అరిగిన మనిషిని ముందు నడవమంటే ఆమె ఓడిపోతుంది, తన బద్ధకమే కారణమని అనుకుంటుంది. ఒక కిలో బరువు తగ్గితే అడుగు తీసి అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అంటే ముందు కంచం మారితే నడక దానంతట అదే సాధ్యమవుతుంది. నెలల తర్వాత వచ్చి, ‘‘ఇప్పుడు బజారుకు ఆటో ఎక్కుతలేను మేడం’’ అని చెప్పేవాళ్లను చూస్తుంటాను. వాళ్లకు ఆ తర్వాతే నడక గురించి చెప్తాను, అప్పుడు సంతోషంగా వింటారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు ఉన్నవాళ్లు తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. వీళ్లలో పార్కు ఉన్నవాళ్లెందరు, పొద్దున గంట తీరిక ఉన్నవాళ్లెందరు? ముప్ఫై దాటినవాళ్లకు ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి నడుము కొలుస్తున్నారు. ఆ కొలత పక్కనే ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాలి: నెలకు నూనె ఎంత, రోజుకు చాయ్‌లెన్ని. ప్రతి ఏరియా ఆస్పత్రిలో ఒక డైటీషియన్, ఒక కాంటా ఉండాలి. డాక్టర్లను నేను కోరేది కూడా ఒక్కటే. చీటీ మీద ‘గంట నడవాలి’ అని రాసే ముందు ఆమె వంటింటి లెక్క ఒక్కసారి అడగండి. ఆమె రేపటి నుంచే చేయగలిగిన పని ఆ లెక్కలోనే ఉంది.