ఇంటికి తగిన టెలివిజన్ ఏది?

పండుగ దినాలు సమీపించగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల ప్రధాన వీథులలో ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణాలు దీపాలతో వెలిగిపోతవి. రంజాను కానీ, దసరా కానీ, దీపావళి కానీ, దుకాణం ముందు కట్టిన గుడ్డ మీద అన్నిటికన్న పెద్ద అక్షరాలలో కనిపించేది టెలివిజన్ ధరయే. తక్కువ ఖర్చులో ఇంటిల్లిపాది చూచుటకు, తాము గేములు ఆడుకొనుటకు పనికివచ్చే హెచ్‌.డి. టెలివిజన్ ఏది అని మన విద్యార్థులు తరచుగా అడుగుతున్నారు. తెలుగు ఉపన్యాసకులకు ఈ విషయంతో ఏమి పని అని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. మాటలకు అర్థం చెప్పుటయే మా వృత్తి. టెలివిజన్ పెట్టె మీద అచ్చువేసిన మాటలకు అర్థం తెలియకనే మన కుటుంబాలు డబ్బు చెల్లిస్తున్నవి. కనుక ఈ విషయం మా పరిధిలోనిదే అని మా అభిప్రాయం.

ఒకప్పుడు ఈ చిక్కు లేదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా జరిగిన ‘సైట్’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు సామూహిక టెలివిజన్ పెట్టెలు వచ్చినవి. ఆ ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆరంభమైనది. 1982లో రంగుల ప్రసారాలు మొదలైనవి. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్‌. సంస్థ తయారుచేసిన ‘ఇ.సి.’ టి.వి. గల ఇంటికి ఇరుగుపొరుగువారంతా చేరేవారు. ఆనాడు పెట్టె దొరుకుటయే గొప్ప. నేడు దొరకని పెట్టె లేదు, ఎన్నుకొనుటయే కష్టమైనది.

మొదట ‘హెచ్‌.డి.’ అను మాటను పరిశీలింతము. టెలివిజన్ తెర వేలకొలది చిన్న చుక్కల వరుసలతో కూడినది. పాత దూరదర్శన్ పద్ధతిలో చిత్రానికి 625 గీతలు ఉండేవి. వాటిలో కంటికి కనిపించేవి 576. ‘హెచ్‌.డి. రెడీ’ అని అమ్మే పెట్టెల తెరపై సాధారణంగా అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు ఉంటవి. అంటే మొత్తం సుమారు పదిన్నర లక్షలు. ‘ఫుల్ హెచ్‌.డి.’ అయినచో 1920కి 1080, అంటే సుమారు ఇరవై లక్షల డెబ్బై వేలు. ‘4కె’ అయినచో 3840కి 2160, అంటే సుమారు ఎనుబది మూడు లక్షలు. ‘రెడీ’ అను మాటకు సిద్ధముగా ఉన్నది అని అర్థం కదా! ఆ పెట్టె ఫుల్ హెచ్‌.డి. ప్రసారాన్ని అందుకొనుటకు సిద్ధముగా ఉన్నదే కాని, దానిని పూర్తిగా చూపుటకు కాదు. ఈ ఒక్క మాట తెలిసినవారు సగం మోసం నుండి తప్పించుకొనగలరు.

అయితే చుక్కలు ఎక్కువైన కొలది మేలని అనుకొనుట కూడ పొరపాటే. ఆరోగ్యవంతమైన కన్ను ఒక దూరం దాటిన తరువాత చుక్కను చుక్క నుండి వేరు చేయలేదు. లెక్క కట్టి చూచినచో, 43 అంగుళాల ఫుల్ హెచ్‌.డి. తెరకు ఆ దూరం సుమారు ఐదున్నర అడుగులు. 32 అంగుళాల హెచ్‌.డి. రెడీ తెరకు సుమారు ఆరు అడుగులు. మన ఇండ్లలో గోడకు తగిలించిన టెలివిజన్‌ను ఎనిమిది అడుగుల దూరంలోని మంచం మీద కూర్చుండి చూచుట వాడుక. అంత దూరం నుండి 43 అంగుళాల తెర ఫుల్ హెచ్‌.డి. అయినా, 4కె అయినా చుక్కల విషయంలో కంటికి తేడా తెలియదు. ఇక దూరదర్శన్ వారి ఉచిత డిష్‌లో వచ్చే చానెళ్లు అత్యధికం పాత ఎస్‌.డి. ప్రమాణంలోనివే. వాటిని ఎనుబది మూడు లక్షల చుక్కల తెరపై సాగదీసి చూపినంత మాత్రాన లేని స్పష్టత ఎక్కడి నుండి రాగలదు? బావిలో లేని నీరు చేదలోనికి రాదు.

గేములు ఆడువారి సంగతి కొంత వేరు. వారు తెరకు నాలుగు అడుగుల దూరంలో కూర్చుందురు. అక్కడ హెచ్‌.డి. రెడీ తెర చుక్కలు చుక్కలుగా కనిపించును, చిన్న అక్షరాలు అలుక్కుపోవును. కావున వారికి ఫుల్ హెచ్‌.డి. కనీస అవసరం. అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. చేతిలోని మీట నొక్కిన తరువాత దాని ఫలితం తెరపై కనిపించుటకు పట్టే ఆలస్యం అది. దానిని ‘ఇన్‌పుట్ ల్యాగ్’ అందురు. చిత్రానికి మెరుగులు దిద్దే యంత్రాంగం పనిచేయునపుడు కొన్ని పెట్టెలలో ఈ ఆలస్యం సెకనులో పదవ వంతును మించును. ‘గేమ్ మోడ్’ అను ఏర్పాటు ఆ మెరుగులను ఆపివేసి ఆలస్యాన్ని తగ్గించును. మంచి పెట్టెలో అది సెకనులో యాభయ్యవ వంతుకు దిగును. క్రికెట్ ఆటలో బంతి తెరపై కనిపించిన క్షణానికి, బ్యాటు కదిలిన క్షణానికి మధ్య ఈ తేడాయే గెలుపోటములను నిర్ణయించును. దుకాణదారులు రంగుల గురించి అరగంట చెప్పుదురు కాని, ఈ ఆలస్యం గురించి ఒక్క మాటయు చెప్పరు. విద్యార్థులు అడుగవలసినది మాత్రం దానినే.

‘120 హెర్ట్జ్’ అను అంకె కూడ నేడు ఆకర్షణగా మారినది. తెర సెకనుకు ఎన్నిసార్లు మారునో చెప్పే అంకె అది. చవక పెట్టెలలో చాలావరకు నిజమైన వేగం 60 మాత్రమే. ప్రకటనలో కనిపించే పెద్ద అంకె అనేక సందర్భాలలో చిత్రాన్ని నునుపు చేసే లెక్క మాత్రమే. ప్లే స్టేషన్ 5 వంటి కొత్త యంత్రం ఇంట ఉన్నవారికి నిజమైన 120 వలన ప్రయోజనం ఉన్నది. పాత ప్లే స్టేషన్ 4తోనో, చరవాణిని తీగతో కలిపియో ఆడువారికి 60 చాలును. అట్లే ‘హెచ్‌.డి.ఆర్‌.’ అను ముద్ర. ఆ చిత్రాలు చాలావరకు 1000 నిట్ల కాంతిని ఉద్దేశించి తయారగును. చవక తెరలు 250, 300 నిట్ల వద్దనే ఆగిపోవును. వాటి మీద ఆ ముద్ర చూచినపుడు మాకు ఒక ఉర్దూ సామెత గుర్తుకు వచ్చును: ‘ఊంచీ దుకాన్, ఫీకా పక్వాన్.’ మన తెలుగువారు దానినే ‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ అన్నారు.

ఇంటిలోని తక్కినవారి అవసరాలను మరువరాదు. తల్లి వంటింటి గుమ్మం వద్ద నిలిచి చూచును. అవ్వ పక్కనున్న నులక మంచం మీద నుండి చూచును. ‘ఐ.పి.ఎస్‌.’ అను రకపు తెర పక్క నుండి చూచినా రంగు మారదు. ‘వి.ఎ.’ అను రకపు తెరలో నలుపు చిక్కగా ఉండును కాని, పక్క నుండి చూచినచో వెలవెలబోవును. ఒంటరిగా ఎదుట కూర్చుండి ఆడువానికి రెండవది, నలుగురు నాలుగు వైపుల నుండి చూచే ఇంటికి మొదటిది తగును. ‘స్మార్ట్’ అను సౌకర్యానికి అదనంగా వేలు పోయనవసరం లేదు. కొన్ని ఏండ్లకు అది పాతబడినను, ఒక చిన్న పరికరాన్ని తగిలించి దానిని కొత్తది చేసుకొనవచ్చును. తెరను మాత్రం మార్చుకొనలేము. కనుక డబ్బు తెర మీద పెట్టవలెను.

ఇక ఖరీదు సంగతి. ఖరీదు, దుకాణం, రసీదు, కిస్తు, వాయిదా, జామీను, ఫిర్యాదు అను ఈ మాటలన్నీ ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి తెలుగు మాటలే అయిపోయినవి. కొనుగోలు చేయువానికి ఈ ఏడు మాటల అర్థం తెలియవలెను. 32 అంగుళాలు మించిన టెలివిజన్ల మీద జి.ఎస్‌.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గినది. పన్నుకు ముందు 20,000 రూపాయలు గల వస్తువు మీద ఇది 2,000 రూపాయల తగ్గుదల. ఈ తగ్గుదల కొనువానికి చేరినదా లేదా అని రసీదులో చూచుకొనవలెను. 32 అంగుళాల వరకు 2019 జనవరి నుండియే 18 శాతం. కావున ‘పన్ను తగ్గింపు’ పేరిట చిన్న పెట్టె మీద చూపే ఆశ ఉత్తదే.

కిస్తుల విషయంలో మరింత జాగ్రత్త వలయును. 24,000 రూపాయల పెట్టెను నెలకు 2,000 చొప్పున పన్నెండు నెలలు వడ్డీ లేకుండ ఇత్తుమని దుకాణదారు చెప్పినాడు అనుకొందము. అదే పెట్టెను రొక్కానికి 22,000కు ఇచ్చుటకు అతడు సిద్ధపడినచో, ఆ 2,000 వడ్డీ కాక మరేమి? ‘సున్నా శాతం వడ్డీ’ అనునది వాస్తవంలో లేదని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు స్వయంగా బ్యాంకులకు తెలిపినది. వడ్డీని మతరీత్యా దూరంగా ఉంచే కుటుంబాలు మన సమాజంలో అనేకం. పేరు మార్చినంత మాత్రాన వస్తువు మారునా అని వారు ఆలోచింపవలసి ఉన్నది. మతం సంగతి అటుంచినను, బియ్యం మిల్లులో హమాలీ చేసే తండ్రి, ఆటో నడిపే అన్న పన్నెండు నెలలు మోయవలసిన బరువు అది. ఆ నెలలలోనే పరీక్ష ఫీజు కూడ వచ్చును. ‘జిత్నీ చాదర్, ఉత్నే పాఁవ్’ అని ఉర్దూవారు, ‘మంచమున్నంత వరకే కాళ్లు చాపుకో’ అని తెలుగువారు చెప్పినది ఒకే మాట.

ఈ సందర్భంలో ఒక కఠిన సత్యాన్ని చెప్పక తప్పదు. మన ప్రాంతంలో పెద్ద తెర కోరిక చాలాసార్లు కంటి కోసం పుట్టినది కాదు, పెండ్లి సామాను కోసం పుట్టినది. హిందువుల ఇండ్లలో కట్నం, ముస్లిముల ఇండ్లలో జహేజ్. పేరు వేరైనను పెండ్లికూతురు తండ్రి వంగిన వీపు ఒక్కటే. వరకట్న నిషేధ చట్టం వచ్చినది 1961లో. నేటికిని 55 అంగుళాల పెట్టె ఊరేగింపు వాహనంలో అందరికీ కనిపించేటట్లు నిలబడుచున్నది. పది అడుగుల గదిలో ఆ తెర ఎవరికి అవసరమో, దాని కిస్తు ఎవరు కట్టుచున్నారో మన యువకులు తమను తాము ప్రశ్నించుకొనవలెను. ‘మాకు వలదు’ అని చెప్పగల అధికారం పెండ్లికొడుకుకు ఉన్నది. దానిని వినియోగించుటకు డిగ్రీ చదువు చాలును.

కొనునపుడు పాటింపవలసిన పద్ధతి కష్టమైనది కాదు. దుకాణంలో తెరలన్నీ మిక్కిలి ప్రకాశంగా ఉండే ‘షోరూం’ ఏర్పాటులో ఉంచబడును. దానిని మార్పించి, ఇంటిలో చూచే మామూలు ఏర్పాటులో చూడవలెను. స్నేహితుని ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి, గేమ్ మోడ్ ఉన్నపుడు, లేనపుడు బాణపు గుర్తును కదల్చి చూచినచో ఆలస్యం సంగతి నిమిషంలో తేలును. సేవాకేంద్రం మన పట్టణంలో ఉన్నదా, లేనిచో ఎన్ని దినాలలో మనిషి వచ్చునో అడిగి రసీదు మీద వ్రాయించుకొనవలెను. చెడిన వస్తువు విషయంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు అండగా ఉన్నది. ఆన్‌లైన్‌లో ఎక్కడి నుండి కొన్నను, కొనినవాడు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. ఐదు లక్షల వరకు రుసుము లేదు, రెండేండ్ల గడువు ఉన్నది. 1915 నంబరుకు చరవాణిలో మాట్లాడియు సలహా పొందవచ్చును.

గేములన్న చెడు వ్యసనమే అని తలచే పెద్దలకు ఒక మనవి. ఆట వేరు, జూదం వేరు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసినది. ఆ చట్టమే ఇ-క్రీడలను వేరుగా గుర్తించినది. 2023లో హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో వాటికి పతకాలు సైతం ఇచ్చినారు. కావున అన్నిటినీ ఒకే గాటన కట్టుట న్యాయం కాదు. కానీ యువకులారా, ఇంటి టెలివిజన్ ఇంటివారందరిది. అవ్వ వార్తలు చూచే వేళలో రిమోటు లాగుకొని సాధించిన విజయం విజయం కానేరదు.

చివరగా కళాశాల కమిటీ వారికి ఒక సూచన. 1975లో ఊరంతటికీ ఒక పెట్టె చాలినది. మన విద్యార్థుల విశ్రాంతి గదిలో ఒక 43 అంగుళాల ఫుల్ హెచ్‌.డి. టెలివిజన్‌ను, తక్కువ ఆలస్యం గలదానిని, రొక్కానికి కొని ఉంచినచో, తరగతుల తరువాత ఒక గంట ఆటకు, ఒక గంట వార్తలకు, విద్యా ప్రసారాలకు కేటాయింపవచ్చును. ఆ గదిలో ఆడుకొనే అవకాశం ఉన్న విద్యార్థి ఇంటివద్ద తండ్రిని కిస్తులకు తొందరపెట్టడు. ఆడపిల్లలకు వేరుగా సమయం ఉంచుట మరువరాదు. ఆడుకొను హక్కు వారికీ ఉన్నది. ఒక పెట్టె ఖరీదుతో ఎన్నో ఇండ్ల అప్పులు తప్పునని మా విశ్వాసం. కమిటీ పెద్దలు ఈ సంవత్సరపు బడ్జెటు సమావేశంలోనే దీనిని పరిశీలింతురని ఆశింతుము.