రెండో కాపలాదారు ఎవరు?

‘మాది మెదక్. ఊరి చివర సొంత ఇల్లు, చుట్టూ ప్రహరీ. మూడేళ్ల మగ జర్మన్ షెపర్డ్ ఉంది. మాట బాగా వింటుంది. తోడుగా ఇంకో పెద్ద జాతి కుక్కపిల్లను తెద్దామనుకుంటున్నాం. రాట్‌వీలర్ తేవాలా, డాబర్‌మన్ తేవాలా, గ్రేట్ డేన్ తేవాలా? ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, మా అమ్మ ఉంటారు. అప్పుడప్పుడు పొలం దగ్గర కూడా కాపలా ఉంచాలని ఆలోచన’ అంటూ ఓ పాఠకుడు అడుగుతున్నారు.

ఇలాంటి సందేహం చాలా ఇళ్లలో ఉంటుంది. రెండో కుక్క అనగానే అందరూ ముందు జాతి పేరు అడుగుతారు. నిజానికి జాతి నాలుగో ప్రశ్న. అంతకన్నా ముందు చూసుకోవాల్సినవి మూడున్నాయి. ఇంట్లో ఇప్పటికే ఉన్న కుక్క ఎలాంటిది? మన ఊరి ఎండ ఎలా ఉంటుంది? మన గేటు దాకా రోజూ వచ్చేవాళ్లు ఎవరు? ఈ మూడింటికీ జవాబు దొరికితే జాతి దానంతటదే తేలిపోతుంది.

ముందు పెద్దదాన్ని చూడండి

కొత్తగా వచ్చిన పిల్లకు ఇంట్లో ఉన్న పెద్ద కుక్కే మొదటి గురువు. పాలబ్బాయిని చూసి అది మొరిగితే ఇదీ మొరుగుతుంది. పిలవగానే అది పరుగెత్తుకొస్తే ఇదీ వెనకాలే వస్తుంది. మంచీ చెడూ రెండూ అంటుకుంటాయి. అందుకే పెద్దది ‘కూర్చో’, ‘ఆగు’, ‘వదులు’ లాంటి మాటలు వినే స్థాయికి వచ్చాకే రెండోదాని గురించి ఆలోచించాలి. దానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. ఈ పాఠకుడి కుక్కకు మూడేళ్లు. మాటా వింటోంది. కాబట్టి ఇది సరైన సమయమే. ఒకేసారి రెండు పిల్లల్ని తెచ్చి పెంచడం మాత్రం వద్దు. అవి ఒకదానికొకటి అలవాటుపడి మనిషి మాటను లెక్కచేయకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇక ఆడా, మగా అన్నది. పెద్ద జాతుల్లో రెండు మగవాటిని ఒకే ఇంట్లో పెంచడం కష్టం. చిన్నప్పుడు కలిసే తింటాయి, కలిసే పడుకుంటాయి. చిన్నదానికి ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చాక ‘ఇక్కడ పెద్ద ఎవరు’ అన్న తగువు మొదలవుతుంది. రెండు ఆడకుక్కలు పోట్లాడుకున్నా గాయాలు తక్కువేం కావు. ఒక మగ, ఒక ఆడ అయితే సర్దుకుపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి ఈ ఇంటికి రావాల్సింది ఆడ కుక్కపిల్ల.

అయితే అది పెద్దయ్యాక ఎదకు వస్తుంది. అప్పుడు రెండింటినీ విడిగా ఉంచడం మాటలు కాదు. పెద్ద జాతి ఆడపిల్లకు ఎముకలు పూర్తిగా ఎదిగాక ఆపరేషన్ చేయించడం మంచిదని చాలామంది డాక్టర్లు చెబుతారు. మగదానికి ఇప్పటికే మూడేళ్లు గనక దానికి ముందే చేయించొచ్చు. ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలపాటు చూలు కట్టించే శక్తి ఉండొచ్చు. అందుకని చివరి నిమిషం దాకా ఆగకూడదు.

మన ఎండకు తట్టుకోవాలిగా!

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది. మే నెలలో మెదక్‌లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. సెయింట్ బెర్నార్డ్, టిబెటన్ మాస్టిఫ్, కాకేసియన్ షెపర్డ్ లాంటివి మంచుకొండల్లో బతకడానికి తగ్గ బొచ్చుతో పుట్టినవి. ఫొటోలో సింహంలా ఉంటాయి. ఇక్కడికి తెస్తే వేసవంతా ఏసీ గదిలో పెట్టాలి. ఏసీ గదిలో పడుకున్న కుక్క గేటుకు ఏం కాపలా కాస్తుంది? వాటి సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

ఈ మూడింటిలో...

రాట్‌వీలర్: జర్మనీలోని రాట్‌వీల్ అనే ఊరి పేరే దీనికి వచ్చింది. ఒకప్పుడు కసాయివాళ్ల పశువుల మందల్ని తోలేది. మగది 50 కిలోలు, ఆడది 42 కిలోలు తూగుతుంది. ఇంటివాళ్లంటే ప్రాణం. కానీ పట్టుదల ఎక్కువ. రోజూ శిక్షణ ఇచ్చే మనిషి లేని ఇంట్లో అది తనకు తోచింది చేస్తుంది. తుంటి కీళ్ల జబ్బు ఈ జాతిలో ఎక్కువ. ఇంకో చిక్కు కూడా ఉంది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల్ని ప్రమాదకరమైనవిగా చెబుతూ వాటి దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. అందులో పిట్‌బుల్, కేన్ కోర్సోలతో పాటు రాట్‌వీలర్ కూడా ఉంది. ఆ లేఖను కర్ణాటక హైకోర్టు అదే ఏడాది ఏప్రిల్‌లో కొట్టేసింది. అంతకు ముందే 2022లో ఘజియాబాద్ కార్పొరేషన్ రాట్‌వీలర్‌ని పెంచడాన్ని నిషేధించింది. పదేళ్లు మనతో ఉండాల్సిన ప్రాణి. రేపు ఏ రూల్ వస్తుందో అన్న బెంగ దేనికి?

గ్రేట్ డేన్: పేరులో డెన్మార్క్ ఉన్నా ఇదీ జర్మనీ జాతే. మగది 54 కిలోలకు పైనే ఉంటుంది. స్వభావం మెత్తన. దాన్ని చూసే దొంగ వెనక్కి తిరుగుతాడు. కానీ ఆయుష్షు తక్కువ. సాధారణంగా ఏడు నుంచి పదేళ్లు. పైగా దీనికి కడుపు ఉబ్బి, మెలిపడిపోయే జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ. అలా అయితే గంటల్లో ఆపరేషన్ జరగాలి. పెద్ద ఆపరేషన్లకు నారాయణగూడలోని సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకో, రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో వెళ్లాలి. మెదక్ నుంచి అర్ధరాత్రి హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్ల ప్రయాణం. ఆలోచించండి. పెద్దావిడ ఉన్న ఇంట్లో అది ప్రేమగా తోక ఊపుతూ మీదపడినా ఆమె కింద పడిపోగలరు.

డాబర్‌మన్: పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలో పన్నులు వసూలు చేసే లూయీ డాబర్‌మన్ అనే ఆయన తనకు తోడుగా ఉండే కాపలా కుక్క కావాలని తయారుచేసిన జాతి ఇది. మగది 40 నుంచి 45 కిలోలు, ఆడది 32 నుంచి 35 కిలోలు ఉంటుంది. పొట్టి వెంట్రుకలు కాబట్టి మిగతా రెండింటి కన్నా మన వాతావరణానికి నయం. చలికాలం రాత్రి మాత్రం గోనెసంచో దుప్పటో వేయాలి. చెప్పింది చప్పున నేర్చుకుంటుంది. రోజుకు గంటసేపు పరుగెత్తించకపోతే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది. ఈ జాతిలో గుండె కండరాల జబ్బు ఉంది. అందుకే తల్లిదండ్రుల ఆరోగ్యం గురించి అడిగి మరీ తెచ్చుకోవాలి.

మన జాతుల్ని మరిచిపోవద్దు

2005లో తపాలా శాఖ మన దేశపు కుక్క జాతుల మీద స్టాంపులు విడుదల చేసింది. అందులో రాజపాళయం, ముధోల్ రెండూ ఉన్నాయి. కర్ణాటకలోని ముధోల్ ప్రాంతానికి చెందిన కుక్క వేటకు పుట్టింది. పరుగులో దానికి సాటి లేదు గానీ గేటు కాపలా దాని మొదటి పని కాదు. తమిళనాడులోని విరుదునగర్ జిల్లాకు చెందిన రాజపాళయం అలా కాదు. కొత్తవాళ్లను ఓ పట్టాన నమ్మదు. ఎండకు తట్టుకుంటుంది. కొన్ని పిల్లలకు పుట్టుకతోనే చెవుడు ఉంటుంది. కొనేముందు వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి. తల తిప్పితే సరే.

గేటు దగ్గరికి ఎవరొస్తారు?

అసలు విషయం ఇదే. దొంగ జీవితంలో ఒకసారి రావచ్చు, రాకపోవచ్చు. పాలబ్బాయి, గ్యాస్ బండ తెచ్చే మనిషి, కరెంటు మీటరు చూసే ఆయన, పిల్లల స్నేహితులు మాత్రం రోజూ వస్తారు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఓ అపార్ట్‌మెంట్‌కు భోజనం ప్యాకెట్ ఇవ్వడానికి 23 ఏళ్ల కుర్రాడు వెళ్లాడు. ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ మీదికి రావడంతో హడలిపోయి పరుగెత్తి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఆసుపత్రిలో చికిత్స పొందుతూ చనిపోయాడు. యజమాని మీద పోలీసు కేసు నమోదైంది.

ఒక ఇంట్లో రెండు పెద్ద కుక్కలుంటే ఈ ప్రమాదం రెట్టింపు కన్నా ఎక్కువే. విడిగా ఉన్నప్పుడు ఊరుకునే కుక్క కూడా పక్కన తోడుంటే రెచ్చిపోతుంది. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జైలు సంగతి అటుంచండి. ఒక తల్లికి కొడుకు లేకుండా పోతే ఆ పాపం ఏ జరిమానాతో తీరుతుంది?

అందుకని కుక్కపిల్ల కన్నా ముందు ప్రహరీ గేటుకూ ఇంటి గుమ్మానికీ మధ్య ఇంకో చిన్న గేటు పెట్టించండి. కాలింగ్ బెల్ బయటి గేటుకే ఉండాలి. ‘కుక్కలున్నాయి’ అన్న బోర్డు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించండి.

పొలం దగ్గర వద్దు

మెదక్‌కు దగ్గర్లోనే పోచారం అభయారణ్యం ఉంది. ఈ జిల్లాలో చిరుతలు లేగదూడల్ని చంపిన వార్తలు మనకు కొత్త కాదు. మహారాష్ట్రలో అప్పట్లో అహ్మద్‌నగర్ అని పిలిచిన జిల్లాలో పరిశోధకులు చిరుతల తిండిని పరిశీలిస్తే బరువు లెక్కన 39 శాతం కుక్కలే అని తేలింది. రాత్రిపూట పొలంలో గొలుసుతో కట్టేసిన కుక్క ఎంత పెద్ద జాతిదైనా చిరుతకు ఎర అవుతుందే గానీ కాపలా కాదు. పగలు వెంట తీసుకెళ్లండి. చీకటి పడేలోగా ఇంటికి తెచ్చేయండి.

తెచ్చేటప్పుడు...

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అమ్మేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉందో లేదో అడగండి. తల్లి కుక్కను చూపించమనండి. తల్లి మనుషుల్ని చూసి వణికినా, ఊరికే మీదికొచ్చినా ఆ పిల్ల వద్దు. ఎండాకాలంలో కాకుండా వానలు తగ్గాక తెచ్చుకుంటే పిల్లకూ సుఖం.

డాబర్‌మన్, రాట్‌వీలర్ పిల్లలకు పార్వో జబ్బు త్వరగా సోకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి 16 వారాలదాకా టీకాలు తప్పకుండా వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలోకి తీసుకెళ్లొద్దు. త్వరగా ఎదగాలని కాల్షియం సీసాలు పట్టించకండి. పెద్ద జాతుల్లో అది ఎముకలకు చేటు.

పెద్ద కుక్కకు పరిచయం ఇంటి లోపల చేయొద్దు. అది తనదనుకునే చోటు కాని ఖాళీ స్థలంలో, గొలుసు వదులుగా పట్టుకుని చేయండి. పిల్లను చంకనెత్తుకుని వెళ్లండి. గిన్నెలు వేరు, పడక వేరు. శిక్షణ కూడా విడివిడిగానే. మొదటి రెండు నెలలు మీరు దగ్గర లేనప్పుడు రెండింటినీ ఒకే చోట వదలొద్దు. పిడుదుల మందు రెండింటికీ ఒకేసారి వేయాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం జర్మన్ షెపర్డ్‌లకు మరీ ప్రమాదం.

ఖర్చు సంగతీ చూసుకోండి. ఈ సైజు కుక్క ఒక్కటే నెలకు 12 నుంచి 15 కిలోల పొడి తిండి తింటుంది. పెరుగన్నంతో సరిపెడితే కండ పట్టదు.

ఇన్నీ చూశాక ఈ ఇంటికి నా సలహా ఆడ డాబర్‌మన్. దేశీ జాతి మీద ఇష్టం ఉంటే ఆడ రాజపాళయం. అయితే ఒక్క షరతు. రెండు కుక్కలూ కలిసి 70 కిలోల దాకా తూగుతాయి. మీరు ఊళ్లో లేని రోజు ఆ రెండు గొలుసులూ పట్టుకోగల మనిషి, వాటి చేత మాట వినిపించుకోగల మనిషి ఇంట్లో ఇంకొకరు ఉన్నారా? ఉంటే నిశ్చింతగా తెచ్చుకోండి. లేకపోతే ఉన్న జర్మన్ షెపర్డ్‌కే ఇంకాస్త శిక్షణ ఇప్పించి, గేటుకు మంచి లైటు పెట్టించండి. మూడేళ్ల నుంచి అదొక్కటే మీ ఇంటిని కాస్తోంది కదా!