కమల వరి: జన్యువు మార్చారు సరే, లైసెన్సు షరతులేంటి?

బాపట్లలో పుట్టిన సాంబ మసూరి (బీపీటీ 5204) తెలియని ఇల్లు మనలో తక్కువ. మన దస్తర్‌ఖాన్ మీద రోజూ కనిపించే సన్నబియ్యం అది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ దాని జన్యువును సవరించి ‘కమల’ అనే కొత్త రకం తయారుచేసింది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ దాన్ని ప్రకటించారు. దిగుబడి 19 శాతం ఎక్కువ, కోతకు దాదాపు 20 రోజులు ముందే వస్తుంది అన్నది ప్రభుత్వ లెక్క. ఈ లెక్క మీద జీఎం వ్యతిరేక సంఘాలు అభ్యంతరాలు చెప్పాయి.

అసలు ఏం మార్చారు? వరి మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోన్ ఉంటుంది. అది ఎక్కువుంటే కంకికి గింజలు ఎక్కువ పడతాయి. దాన్ని తగ్గించేసే జన్యువు కూడా ఆ మొక్కలోనే ఉంది. క్రిస్పర్ అనే కత్తెరలాంటి పద్ధతితో ఆ జన్యువు పనిచేయకుండా చేశారు. బయటి జీవి నుంచి తెచ్చిన జన్యువు కమలలో లేదు. బీటీ పత్తి సంగతి వేరు. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును అందులో పెట్టారు, కాయతొలుచు పురుగు దాన్ని తింటే చస్తుంది.

ఈ తేడా చూపించే 2022 మార్చిలో కేంద్రం ఇలాంటి సవరణలను జీఎం పంటల కఠిన అనుమతుల నుంచి మినహాయించింది. మనుషులు మూడు పూటలా తినే అన్నం విషయంలో ఇంత తొందర నాకైతే నచ్చలేదు.

మరి హలాలేనా? ఆ మాట చెప్పాల్సింది ఉలమాలు. నాకు తెలిసింది ఒక్కటే: కమలలో గానీ బీటీ పత్తిలో గానీ జంతువుల జన్యువు లేదు. ఇంకో సంగతి, ఒకప్పుడు ఇన్సులిన్ పందులు, పశువుల క్లోమం నుంచి తీసేవారు. 1982లో బ్యాక్టీరియాతో చేయించిన మానవ ఇన్సులిన్ మార్కెట్‌లోకి వచ్చింది. అదీ జన్యు ఇంజనీరింగే. షుగర్ ఉన్న ఎన్నో ముస్లిం ఇళ్లకు దానితో ఒక ఇబ్బంది తప్పింది.

నా అసలు అనుమానం డబ్బు దగ్గర. బీటీ పత్తి 450 గ్రాముల ప్యాకెట్ ఒకప్పుడు 1,600 రూపాయల పైమాటే. అందులో 1,250 దాకా టెక్నాలజీ ఫీజే! 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లాకే ధర 750కి దిగింది. పైగా అది హైబ్రిడ్, ఏటా కొనాల్సిందే. కమల హైబ్రిడ్ కాదు, పండిన గింజనే రైతు మళ్లీ విత్తనంగా దాచుకోవచ్చు. తయారైందీ ప్రజల డబ్బుతోనే. కానీ క్రిస్పర్ పేటెంట్లు విదేశాల్లో ఉన్నాయి, వ్యాపారానికి లైసెన్సు కావాలి. ఆ ఫీజు ఎంత, ఎవరు కడతారు, దాచుకున్న గింజకూ వర్తిస్తుందా? విత్తనం దుకాణానికి రాకముందే ఈ షరతులు కాగితం మీద పెట్టి, కౌలు రైతుకు కూడా అర్థమయ్యే తెలుగులో బయటపెట్టాలి.